ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ పేరుతో వచ్చే మెసేజ్‌లు, కాల్స్, ఏజెంట్లు: దొంగని ఎక్కడ పట్టుకోవాలి, ఒకవేళ మనమే వాడి వలలో పడితే ఏం చేయాలి

జూలై వచ్చిందంటే రిటర్న్ వేసేవాళ్ళ హడావిడి ఒకపక్క, వాళ్ళకి గాలం వేసేవాళ్ళ హడావిడి ఇంకోపక్క. మోసగాడికి మీ గురించి ఏమీ తెలియక్కర్లేదు, ఆగస్టులోనో సెప్టెంబర్లోనో లక్ష నంబర్లకి "మీ రీఫండ్ అప్రూవ్ అయింది" అని ఒకే మెసేజ్ కొడితే చాలు, అందులో బోలెడంతమంది నిజంగానే రీఫండ్ కోసం రోజూ అకౌంట్ చూసుకుంటూ ఉంటారు. అందుకే బాగా చదువుకున్నవాళ్ళు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్ళు కూడా పడిపోతుంటారు. అసలు డబ్బు ఏ దారిలో వస్తుందో ఒకసారి బుర్రకెక్కితే దొంగదారి దానంతటదే కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

స్టెప్ 1: అసలు రీఫండ్ ఎలా వస్తుందో తెలుసుకోండి

ఎక్కువగా కట్టిన ట్యాక్స్ తిరిగి రావడమే రీఫండ్. రిటర్న్ వేస్తారు, వేసిన 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేస్తారు (అది మీరు వేసిందే అని ఆన్‌లైన్‌లో ధృవీకరించడం), బెంగళూరులో ఉన్న సీపీసీ, అంటే రిటర్న్స్ లెక్కలు చూసే కేంద్రం, దాన్ని ప్రాసెస్ చేస్తుంది, లెక్క తేలాక 143(1) ఇంటిమేషన్ అని ఒక పీడీఎఫ్ మీ మెయిల్‌కి వస్తుంది (కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది కాబట్టి ముందుముందు సెక్షన్ నంబర్లు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే). డబ్బు ఎస్‌బీఐ ద్వారా మీరు ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ పోర్టల్లో ముందే వాలిడేట్ చేసి పెట్టుకున్న బ్యాంక్ అకౌంట్లో పడుతుంది. అంతే. ఈ మొత్తం తతంగంలో డిపార్ట్‌మెంట్ మిమ్మల్ని కార్డ్ నంబర్ అడగదు, సీవీవీ అడగదు, యూపీఐ పిన్ అడగదు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడగదు, "ప్రాసెసింగ్ ఫీజు" అని రూపాయి కూడా అడగదు. మీరు క్లిక్ చేస్తేనో క్లెయిమ్ బటన్ నొక్కితేనో విడుదలయ్యే రీఫండ్ అనేది లేనే లేదు.

స్టేటస్ చూడాలంటే పోర్టల్లో లాగిన్ అయ్యి ఈ-ఫైల్, అందులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, అందులో వ్యూ ఫైల్డ్ రిటర్న్స్. అక్కడ రీఫండ్ ఇష్యూడ్ అనో ఫెయిల్డ్ అనో అండర్ ప్రాసెసింగ్ అనో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రీఫండ్ నిజంగానే ఫెయిల్ అవుతుంది ఒక్కోసారి, మన దగ్గర ఇంకాస్త ఎక్కువేమో కూడా. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయాక ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి, 2025లో గ్రామీణ బ్యాంకుల విలీనం జరిగి ఏపీలో ఉన్న నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి, అటు ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంక్‌లోకి వెళ్ళాయి. పోర్టల్లో పాత వివరాలు అలాగే ఉండిపోయినవాళ్ళకి "మీ బ్యాంక్ వివరాలు తప్పు" అనే మెసేజ్ వస్తే నిజమే కాబోలు అనిపిస్తుంది కదా, దొంగకి కావాల్సింది అదే. అలాంటి డౌట్ వస్తే పోర్టల్లోకి మీరే వెళ్ళి మై ప్రొఫైల్‌లో మై బ్యాంక్ అకౌంట్ చూసి కొత్త ఐఎఫ్ఎస్‌సీతో మళ్ళీ వాలిడేట్ చేయండి, తర్వాత సర్వీసెస్‌లో రీఫండ్ రీఇష్యూ రిక్వెస్ట్ పెట్టండి. మెసేజ్‌లో ఉన్న లింక్‌తో అస్సలు పని లేదు.

స్టెప్ 2: మెసేజ్‌ని ముక్కలు చేసి చదవండి

2023లో బాగా తిరిగిన మెసేజ్ ఒకటి తీసుకుందాం, దాన్ని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ వాళ్ళు ఫేక్ అని తేల్చారు కూడా. సారాంశం ఇది: "మీకు 15,490 రూపాయల ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ అప్రూవ్ అయింది, త్వరలో మీ అకౌంట్లో పడుతుంది, మీ అకౌంట్ నంబర్ ఫలానా, చివరి అంకెలు 6755, ఇది కరెక్ట్ కాకపోతే కింది లింక్‌లో అప్‌డేట్ చేయండి."

ఎంత కంత్రీగా రాశారో చూడండి. అమౌంట్ 15,000 అని పెట్టలేదు, 15,490 అని పెట్టారు, రౌండ్ ఫిగర్ అయితే నమ్మరు కాబట్టి. అది కూడా మరీ ఐదు లక్షలు కాదు, సగటు ఉద్యోగికి రాగల మొత్తమే. ఇక ఆ అకౌంట్ నంబర్ కావాలనే తప్పు ఇచ్చారు! చూసినవాడికి "అయ్యో ఇది నా అకౌంట్ కాదే, నా డబ్బు వేరేవాడికి పోతుందే" అని గుండె జారుతుంది, ఆ కంగారులో లింక్ నొక్కేస్తాడు. ఆశ, భయం రెండూ రెండు వాక్యాల్లో పెట్టేశాడు మహానుభావుడు.

మెసేజ్ వచ్చాక చూడాల్సినవి చెప్తాను. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి వస్తే ఇక చదవక్కర్లేదు, డిలీట్. డిపార్ట్‌మెంట్ ఎస్ఎమ్ఎస్‌లు ఐటీడీసీపీసీ, ఐటీడీఈఎఫ్ఎల్ లాంటి హెడర్లతో (నంబర్ బదులు కనిపించే పేరు) వస్తాయి, 2025 నుంచి హెడర్ చివర ఒక అక్షరం కూడా పెడుతున్నారు, ప్రభుత్వానివైతే జీ అని ఉంటుంది, ప్రమోషన్ అయితే పీ. కానీ హెడర్ బాగుంది కదా అని గుడ్డిగా నమ్మకండి, అది ఒక ఆధారం మాత్రమే. వాట్సాప్‌లో సింహాల బొమ్మ డీపీ పెట్టుకుని "ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీస్" అని వచ్చేదాని గురించి చెప్పడానికేం లేదు, ఆ డీపీ ఎవడైనా పెట్టుకోవచ్చు.

మెయిల్ అయితే పైన కనిపించే పేరు వదిలేసి అసలు అడ్రస్ నొక్కి చూడండి, చివర జీఓవీ డాట్ ఇన్ ఉందా లేదా. పాన్ 2.0 కి 2024 నవంబర్లో క్యాబినెట్ ఓకే చెప్పిందో లేదో "కొత్త ఈ-పాన్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి" అని మెయిల్స్ మొదలైపోయాయి, వాటిని కూడా పీఐబీ ఫేక్ అనే చెప్పింది. ప్రభుత్వం ఏది కొత్తగా ప్రకటించినా వీళ్ళు దాని పేరుతో దుకాణం తెరిచేస్తారు.

అలాగని డిపార్ట్‌మెంట్ అసలు మెసేజ్‌లే పంపదు అనుకోవద్దు. 2025 డిసెంబర్లో తప్పుడు డిడక్షన్లు (ట్యాక్స్ తగ్గించుకోవడానికి చూపే ఖర్చులు, విరాళాలు) పెట్టారని అనుమానం ఉన్నవాళ్ళకి నిజంగానే ఎస్ఎమ్ఎస్‌లు, మెయిల్స్ పంపి మీ రిటర్న్ మళ్ళీ చూసుకోండి అని చెప్పారు. అసలుదైనా నకిలీదైనా మీరు చేయాల్సింది ఒక్కటే, మెసేజ్ పక్కన పెట్టి బ్రౌజర్లో అడ్రస్ మీ చేత్తో కొట్టి లాగిన్ అవ్వండి. నిజమైన నోటీస్ అయితే లోపల ఈ-ప్రొసీడింగ్స్‌లోనో పెండింగ్ యాక్షన్స్‌లోనో ఉండి తీరుతుంది.

స్టెప్ 3: లింక్‌ని వెనక నుంచి చదవండి

పోర్టల్ అడ్రస్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్. దొంగ లింక్‌లో కూడా ఈ మాటలన్నీ ఉంటాయి, కాకపోతే చివర ఇంకేదో తగిలిస్తాడు. ఉదాహరణకి "ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ డాట్ రీఫండ్‌హెల్ప్ డాట్ కామ్" అని ఉందనుకోండి, మన కళ్ళు మొదటి సగం చదివి సంతృప్తి పడిపోతాయి. అందుకే డబుల్ స్లాష్ తర్వాత వచ్చే మొదటి సింగిల్ స్లాష్ దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. ఆ స్లాష్‌కి సరిగ్గా ముందు జీఓవీ డాట్ ఇన్ ఉంటేనే ప్రభుత్వానిది, ఎందుకంటే ఆ డొమైన్ ప్రైవేటు వాళ్ళకి ఇవ్వరు. డాట్ కామ్, డాట్ ఆన్‌లైన్, డాట్ టాప్ ఉంటే ముందు ఏం రాసి ఉన్నా అనవసరం. డాట్ బదులు అడ్డగీత పెట్టి జీఓవీ-ఇన్ అని రాసేవాళ్ళూ ఉన్నారు, అది కూడా దొంగదే.

పక్కన తాళం బొమ్మ ఉంది కాబట్టి సేఫ్ అని ఇంకా కొంతమంది చెప్తుంటారు. ఆ తాళం దొంగ సైట్‌కి కూడా ఫ్రీగా దొరుకుతుంది.

షార్ట్ లింక్ అయితే అసలు చదవడానికే ఉండదు కాబట్టి నొక్కే ప్రసక్తే లేదు.

స్టెప్ 4: ఏపీకే ఫైల్ ముట్టుకోవద్దు

ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ పెట్టే ఫైల్. 2021 సెప్టెంబర్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక హెచ్చరిక ఇచ్చింది, ఫోన్లో దూరి వివరాలు దొంగిలించే డ్రినిక్ అనే మాల్‌వేర్ గురించి. అది పనిచేసిన తీరు తెలుసుకుంటే ఇప్పుడొస్తున్నవి కూడా అర్థమవుతాయి. ముందు ఎస్ఎమ్ఎస్ వస్తుంది, లింక్ నొక్కితే అచ్చం ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్ లాంటిది తెరుచుకుంటుంది, వెరిఫికేషన్ కోసం యాప్ దించుకోమంటుంది. యాప్ పెట్టగానే ఎస్ఎమ్ఎస్‌లు, కాల్ లాగ్స్, కాంటాక్ట్స్ అన్నిటికీ పర్మిషన్ అడుగుతుంది. తర్వాత ఫారం, పేరు, పాన్, ఆధార్, పుట్టినతేదీ దగ్గర మొదలై అకౌంట్ నంబర్, డెబిట్ కార్డ్ నంబర్, సీవీవీ, ఏటీఎం పిన్ దాకా వెళ్తుంది. అన్నీ ఇచ్చాక ఇదిగో మీకు ఇంత రీఫండ్ ఉంది, ట్రాన్స్‌ఫర్ నొక్కండి అంటుంది. నొక్కితే ఎర్రర్, అప్‌డేట్ అవుతోంది అని ఒక స్క్రీన్, మీరు అది చూస్తూ కూర్చున్న ఆ కాసేపట్లోనే మీ ఎస్ఎమ్ఎస్‌లు, వివరాలు అవతలివాడికి చేరిపోతాయి. 27కి పైగా బ్యాంకుల కస్టమర్లని అప్పటికే టార్గెట్ చేశారని సెర్ట్-ఇన్ చెప్పింది.

ఓటీపీ ఎవరికీ చెప్పలేదు కదా ఎలా పోయింది అని బాధపడేవాళ్ళు చాలామంది ఉంటారు, ఎలాగంటే ఇలాగే, చెప్పక్కర్లేదు, యాప్ చదివేసుకుంటుంది. చలాన్ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు కూడా ఇదే బాపతు. ప్లే స్టోర్ బయటి నుంచి ఏ యాప్ వద్దు, ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో వాట్సాప్‌కి, క్రోమ్‌కి "అన్‌నోన్ యాప్స్ ఇన్‌స్టాల్" పర్మిషన్ ఆపేసి పెట్టండి, ఈ ఒక్క సెట్టింగ్‌తో సగం గొడవ తప్పుతుంది.

స్టెప్ 5: "ఆఫీసర్" ఫోన్ చేస్తే

"సార్ నేను ఆయకార్ భవన్, ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీస్ నుంచి, మీ మీద కేసు ఫైల్ అయింది, సాయంత్రంలోగా కట్టకపోతే అకౌంట్ ఫ్రీజ్." ఈ రకం కాల్‌లో పాన్ నంబర్, పుట్టినతేదీ కరెక్ట్‌గా చెప్తాడు, దాంతో మనం డంగైపోతాం. పాన్ మనం లోన్ యాప్‌కి ఇచ్చాం, హోటల్లో ఇచ్చాం, నగల షాపులో ఇచ్చాం, జిరాక్స్ షాపులో కాపీలు వదిలేశాం, అది వాడికి తెలియడంలో వింతేముంది.

"డిన్ నంబర్ చెప్పండి, నేను పోర్టల్లో చూసుకుని మాట్లాడతాను" అనండి. 2019 అక్టోబర్ 1 నుంచి డిపార్ట్‌మెంట్ ఇచ్చే నోటీస్, ఆర్డర్, లెటర్ వీటన్నిటి మీద డిన్ అనే డాక్యుమెంట్ నంబర్ ఉండాలి. పోర్టల్ హోమ్ పేజీలో క్విక్ లింక్స్‌లో ఆథెంటికేట్ నోటీస్ అని ఉంటుంది, లాగిన్ కూడా అక్కర్లేదు, డిన్, మీ మొబైల్ నంబర్ కొడితే ఆ కాగితం నిజంగా వాళ్ళు ఇచ్చిందో కాదో చెప్తుంది. దొంగవాడు ఈ మాట వినగానే గొంతు పెంచుతాడు, లేదా "సీనియర్ ఆఫీసర్"కి ఇస్తాను అంటాడు. కట్ చేసేయండి, మర్యాదగా బై చెప్పే పని కూడా లేదు.

వాట్సాప్‌లో వచ్చిన నోటీస్ పీడీఎఫ్‌లో గుండ్రటి స్టాంపు, నీలం సంతకం ఎంత బాగున్నా సరే డిన్ చెక్ చేయకుండా నమ్మొద్దు. ఇక వీడియో కాల్‌లో కూర్చోబెట్టి గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నాడంటే అది డిజిటల్ అరెస్ట్ నాటకం. మన చట్టంలో అలాంటి అరెస్ట్ ఏదీ లేదు.

మా మావయ్య రిటైర్డ్ హెడ్మాస్టర్, ఎఫ్‌డీల మీద టీడీఎస్ కట్ అవుతుంది కాబట్టి ఏటా ఎంతోకొంత రీఫండ్ వస్తుంది. ఆయనకి ఇలాగే ఒకడు ఫోన్ చేసి "స్క్రీన్ షేర్ యాప్ పెట్టుకోండి సార్, నేనే చేసిపెడతాను" అన్నాడు, ఎంత వినయంగా మాట్లాడాడంటే ఫోన్ పెట్టేశాక కూడా ఆయన "కుర్రాడు మంచివాడేరా" అంటాడు! ఆయన్ని కాపాడింది ఆయన స్లో ఫోనే, యాప్ దిగేలోపు అత్తయ్య వచ్చి లాక్కుంది. బెదిరించేవాడికన్నా ఇలా సాయం చేస్తానని వచ్చేవాడే డేంజర్. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మంచి యాప్‌లే, కానీ ముక్కూముఖం తెలియనివాడు పెట్టమంటే పెట్టొద్దు. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే.

స్టెప్ 6: ఎక్కువ రీఫండ్ ఇప్పిస్తానన్న ఏజెంట్

నన్నడిగితే మనవాళ్ళకి అన్నిటికన్నా ప్రమాదం ఇదే, ఎందుకంటే ఇక్కడ మోసగాడు ఆఫీసులో పక్క సీటు వాడి రికమెండేషన్‌తో వస్తాడు. "అన్నా ఫారం 16, లాగిన్ పాస్‌వర్డ్ పంపు చాలు, 80 వేలు రీఫండ్ తెప్పిస్తా, వచ్చాక పది పర్సెంట్ ఇవ్వు." ముందు డబ్బు అడగడు కాబట్టి మోసంలా అనిపించదు, పైగా రీఫండ్ నిజంగానే వస్తుంది, మీరు ఇంకో నలుగురికి చెప్తారు.

వాడు చేసేది ఏంటంటే పాత రెజీమ్ (ఈ డిడక్షన్లు చూపించుకోవడానికి వీలున్న పాత ట్యాక్స్ పద్ధతి) ఎంచుకుని, మీరు ఎప్పుడూ ఇవ్వని పార్టీ విరాళం 80జీజీసీ కింద, కట్టని ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ 80ఈ కింద, లేని జబ్బుకి 80డీడీబీ, ఉండని ఇంటికి హెచ్ఆర్ఏ, అంటే ఇంటి అద్దె అలవెన్స్, ఇలా నింపేస్తాడు. 2025 జూలై 14న డిపార్ట్‌మెంట్ దేశవ్యాప్తంగా 150 చోట్ల వీళ్ళ మీద సోదాలు చేసింది, అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేలమంది తమంతట తామే రిటర్న్స్ సరిచేసుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిమ్స్ వెనక్కి తీసుకున్నారని కూడా ప్రకటించింది. ఆ ప్రకటనలో ఇంకో సంగతి ఉంది, ఈ ఏజెంట్లు బల్క్‌గా రిటర్న్స్ వేయడానికి టెంపరరీ మెయిల్ ఐడీలు సృష్టించి తర్వాత వదిలేస్తారట. అంటే రేపు నోటీస్ వస్తే ఎవరూ తెరవని మెయిల్‌లో పడి ఉంటుంది, మీకు తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

లెక్క వేసుకోండి. 80 వేలు వచ్చింది, 8 వేలు వాడికిచ్చారు, చేతిలో 72 వేలు. పట్టుబడితే ఆ 80 వేలు తిరిగి కట్టాలి, మిస్‌రిపోర్టింగ్, అంటే కావాలని తప్పు లెక్క చూపించారని తేలితే ఆ ట్యాక్స్ మీద 200 శాతం పెనాల్టీ, అంటే 1,60,000. మొత్తం 2,40,000, వడ్డీ వేరే. సంతకం మీది, పాన్ మీది, కాబట్టి "నాకు తెలియదు, ఏజెంట్ చేశాడు" అంటే నడవదు.

ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈరోజే లాగిన్ అయ్యి వ్యూ ఫైల్డ్ రిటర్న్స్‌లో ఫారం డౌన్‌లోడ్ చేసి చాప్టర్ 6ఏ డిడక్షన్లు ఒక్కొక్కటి చదవండి, ప్రతిదానికి మీ దగ్గర రసీదు ఉందా అని చూసుకోండి. ప్రొఫైల్‌లో మెయిల్, మొబైల్ మీవేనా చూడండి, పాస్‌వర్డ్ మార్చండి. తప్పు కనిపిస్తే రివైజ్డ్ రిటర్న్ గడువు ఉంటే అది వేయండి, దాటిపోతే అప్‌డేటెడ్ రిటర్న్, అంటే ఐటీఆర్-యూ. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన దగ్గర్నుంచి 48 నెలల దాకా వేయొచ్చు, కాకపోతే ఆలస్యాన్ని బట్టి అదనపు ట్యాక్స్ 25 శాతం నుంచి 70 శాతం దాకా పడుతుంది. నొప్పే, కానీ 200 కన్నా నయం, పైగా నోటీస్ రాకముందే చేసుకుంటే మనశ్శాంతి.

మంచి సీఏ ఎలా ఉంటాడంటే, ముందు మీ దగ్గర కాగితాలు అడుగుతాడు, ఫిక్స్‌డ్ ఫీజు చెప్తాడు, రీఫండ్‌లో వాటా అడగడు.

స్టెప్ 7: మీ పాన్‌తో వేరేవాడు వ్యాపారం చేస్తున్నాడేమో చూడండి

సంవత్సరానికి ఒకటి రెండుసార్లు పోర్టల్లో ఏఐఎస్ (మీ పాన్ మీద డిపార్ట్‌మెంట్‌కి చేరిన ఆదాయాలు, లావాదేవీల చిట్టా) తెరవండి. మీరు పనిచేయని కంపెనీ నుంచి జీతం, మీరు చేయని కోట్ల అమ్మకాలు కనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టే వీలుంది. జీఎస్టీ పోర్టల్లో పాన్‌తో సెర్చ్ చేస్తే మీ పేరు మీద ఎవరైనా రిజిస్ట్రేషన్ తీసుకున్నారేమో తెలుస్తుంది. ఈ-ఫైలింగ్ వాల్ట్ అని ఒక ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే పాస్‌వర్డ్ తెలిసినా ఆధార్ ఓటీపీ లేకపోతేనో నెట్ బ్యాంకింగ్ లేకపోతేనో లోపలికి రాలేరు. రెండు నిమిషాల పని.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి

అక్కడి ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ పేరు ఐఆర్ఎస్. "ఐఆర్ఎస్ నుంచి మాట్లాడుతున్నాం, ట్యాక్స్ బాకీ ఉంది, పోలీసులు బయల్దేరారు, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదువు" అనే కాల్స్ అక్కడ కొత్త కాదు. అందులో మన దేశం పేరు కూడా ఉంది, 2016 అక్టోబర్లో ఠాణె దగ్గర మీరా రోడ్‌లో పోలీసులు దాడి చేసి పట్టుకున్న కాల్ సెంటర్లు ఈ పనే చేసేవి. ఐఆర్ఎస్ మామూలుగా మొదట పోస్టులో ఉత్తరం పంపుతుంది, గిఫ్ట్ కార్డులతో ట్యాక్స్ కట్టించుకోదు. కొత్తగా వెళ్ళిన స్టూడెంట్స్‌కి వీసా పోతుందన్న భయం ఉంటుంది కాబట్టి త్వరగా లొంగుతారు.

అక్కడ కూడా గ్రూపుల్లో ఎక్కువ రీఫండ్ ఇప్పిస్తామనే బ్యాచ్ ఉంటుంది. డబ్బు తీసుకుని రిటర్న్ చేసేవాళ్ళు తమ పీటిన్ (రిటర్న్స్ చేసేవాళ్ళకి ఐఆర్ఎస్ ఇచ్చే నంబర్) వేసి సంతకం పెట్టాలి, పెట్టనంటే వద్దు. రీఫండ్ డైరెక్ట్ డిపాజిట్ మీ అకౌంట్ నంబర్‌కే ఉందో లేదో ఫైల్ చేసేముందు చూడండి. ఐఆర్ఎస్ ఆన్‌లైన్ అకౌంట్లో ఐపీ పిన్ అని ఆరంకెల నంబర్ తీసుకుంటే మీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) వాడి వేరేవాడు ముందే రిటర్న్ వేయలేడు.

స్టెప్ 8: డబ్బు పోతే

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి కాల్ చేయండి, ఆలోచించి చేద్దాం, ఇంట్లో చెప్పి చేద్దాం అనుకోవద్దు. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి దూకుతూ ఉంటుంది, త్వరగా చెప్తే మధ్యలో ఎక్కడో ఆపే ఛాన్స్ ఉంటుంది. లైన్ బిజీ వస్తుంటే సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కంప్లయింట్ పెట్టండి, ట్రాన్సాక్షన్ నంబర్, టైమ్, అమౌంట్ దగ్గర పెట్టుకోండి. అదే సమయంలో ఇంట్లో ఇంకొకరు బ్యాంక్‌కి ఫోన్ చేసి కార్డ్, నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించాలి. బ్యాంక్ ఇచ్చే కంప్లయింట్ నంబర్ రాసుకోవడం మర్చిపోవద్దు, ఎందుకంటే 2017 ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం మనం ఓటీపీ చెప్పడం లాంటి పొరపాటు చేసినా సరే, బ్యాంక్‌కి చెప్పిన క్షణం తర్వాత పోయినదానికి బాధ్యత బ్యాంక్‌దే, మన తప్పు లేకుండా బయటివాడి వల్ల పోయి మూడు వర్కింగ్ డేస్‌లో చెప్తే మనకి నష్టమే ఉండకూడదు. ఎప్పుడు చెప్పామన్నదానికి ఆ నంబరే ఆధారం.

ఏపీకే పెట్టి ఉంటే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, పాస్‌వర్డ్‌లు అన్నీ వేరే ఫోన్ నుంచి మార్చండి, అదే ఫోన్ నుంచి మారిస్తే కొత్తవి కూడా వాడికే వెళ్తాయి. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. కానీ రీసెట్ కొట్టేముందు మెసేజ్, కాల్ లాగ్, యాప్ పేరు ఇవన్నీ ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి, పోలీసులు అడుగుతారు.

డబ్బు పోకుండా మెసేజ్ మాత్రమే వస్తే కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్లో చక్షు అనే చోట రిపోర్ట్ చేయొచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ పేరుతో వచ్చిన దొంగ మెయిల్ అయితే వెబ్‌మేనేజర్ అట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌కి ఫార్వర్డ్ చేయండి, అటాచ్‌మెంట్ మాత్రం తెరవకండి. ఇక 1930కి కంప్లయింట్ ఇచ్చిన కొన్నాళ్ళకి "మీ పోయిన డబ్బు రికవరీ అయింది, చార్జీలు కడితే పంపుతాం" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. వాడూ మోసగాడే, అది కూడా అదే కంప్లయింట్‌లో చేర్పించండి.